‘లేదు’ అని నొక్కమన్నారు

ఇంటింటి ఆరోగ్య సర్వే మొదలుపెట్టే ముందు మా ఏఎన్‌ఎం నర్సులందరినీ పీహెచ్‌సీకి పిలిచారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఇంట్లో ఒక్కొక్కరిని ఏమేం అడగాలో సూపర్‌వైజర్ ట్యాబ్‌లో చూపిస్తూ పోయాడు. బీపీ, షుగర్, దగ్గు, నోట్లో పుండ్లు, రొమ్ములో గడ్డలు. అన్నీ అయ్యాక చివర్లో ఇంకో నాలుగు ప్రశ్నలున్నాయి. రెండు వారాలుగా మనసు దిగులుగా ఉంటోందా? ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? నిద్ర, ఆకలి దెబ్బతిన్నాయా? బతకడం దండగ అనిపిస్తోందా?

ఆ నాలుగూ కనబడగానే ఆయన వేలితో స్క్రీన్‌ను పైకి తోసేశాడు.

"ఇవి అడగబాకండమ్మా. ఒక్కొక్కళ్ళు మొదలుపెట్టారంటే పురాణం విప్పుతారు. నాలుగింటికీ ‘లేదు’ అని నొక్కి సబ్మిట్ కొట్టండి. రోజుకి ఇరవై ఇళ్ళు అవ్వాల."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటివి ఎన్ని విన్నానో! మా సబ్‌సెంటర్ ఉన్నది నరసరావుపేటకు బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఊళ్ళో. మా ఇల్లూ ఆ ఊళ్ళోనే. మొదటి రోజు ఇరవై ఇళ్ళు పూర్తి చేశాను. చెప్పినట్టే నాలుగింటికీ ‘లేదు’ నొక్కుతూ పోయాను. రెండో రోజు మా వీధి వచ్చింది. మా ఇల్లూ లెక్కలోదే కదా అని గుమ్మంలో నిలబడే మా వివరాలు నింపేశాను. మా అత్తకు బీపీ, ‘ఉంది’. నాకు థైరాయిడ్, ‘ఉంది’. మా ఆయన పేరు దగ్గరకొచ్చేసరికి షుగర్ లేదు, బీపీ లేదు, చివరి నాలుగూ ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’.

ఆ నిమిషాన ఆయన నాకు పది అడుగుల దూరంలో, గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. అలా పడుకోవడం మొదలై అప్పటికి అయిదు నెలలు దాటింది.

నేను రాస్తున్నది ఎవరి మీదో కోపంతో అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. కోపం ఉంది, చాలా ఉంది. కానీ దానిలో మొదటి వాటా నాదే.

ఆయన నాకు మేనబావ. నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. పల్నాడులో నాపరాయికి కొదవ లేదు, పరిచేవాళ్ళకూ కొదవ లేదు, అయినా ఆయన చేతి పనిని జనం గుర్తుపట్టేవాళ్ళు. గదికి ఈ మూల నుంచి ఆ మూలకు దారం కట్టి, ఎత్తుపల్లాలు తెలిసేలా రసమట్టం పెట్టి చూసుకుని, బండకూ బండకూ మధ్య ఒకే సందు వచ్చేలా పరిచేవాడు. పని పూర్తయ్యాక ఇంటివాళ్ళ చేత చెంబుడు నీళ్ళు తెప్పించి నేల మీద పోసేవాడు. "చూడండి, యాడికి పోతయ్యో" అనేవాడు. నీళ్ళు ఎక్కడా నిలవకుండా తూము వైపు సాగిపోతుంటే వాటి వెనకే తనూ నడిచేవాడు. రాజుపాలెం నుంచీ ఎడ్లపాడు నుంచీ కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఇంట్లో కూడా మాటకారే. భోజనానికి కూర్చుంటే కూరకు ఏదో ఒక వంక పెట్టకుండా లేచేవాడు కాదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, రొంపిచెర్లలో ఒక హాలు సగం పరిచి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాడు. ఏమైందంటే "మట్టం కుదరట్లా" అన్నాడు. "రసమట్టం పాడయినట్టుంది, కొత్తది కొనుక్కోరాదా" అన్నాను, బియ్యం ఏరుకుంటూ. మర్నాడు వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చాడు. మూడో రోజు వెళ్ళనే లేదు. ఆ హాలువాళ్ళు ఫోన్ చేసీ చేసీ వేరే మేస్త్రీని పెట్టుకున్నారు. తర్వాత ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు కలిపి, మూడో ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. కూరకు వంక పెట్టడం మానేశాడు. అది నాకు హాయిగా అనిపించిందని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఊరు కారణం వెతికింది. అప్పులున్నాయా అని అడిగారు. లేవు. తాగుతున్నాడా అన్నారు. ఆయన పొగాకు కూడా ముట్టడు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి బాగానే చదువుకుంటున్నారు. పెళ్ళానికి గవర్నమెంటు ఉద్యోగం. కారణం దొరక్కపోయేసరికి జనమే ఒకటి తేల్చేశారు. మా ఆడబిడ్డ మొగుడు ఒకనాడు పరామర్శకు వచ్చి, మా ఆయన వింటుండగానే, "కూర్చోబెట్టి తిండి పెడుతుంటే నాక్కూడా వచ్చిద్ది చెల్లే ఇట్టాంటి జబ్బు" అన్నాడు. పైగా పకపకా నవ్వాడు. అలా నవ్విన మనిషికి నేను టీ ఇచ్చాను.

మా అత్త దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది. ఏ దేవుడైతే ఏందిలే అని ఎదురింటివాళ్ళతో చర్చికి పంపి ప్రార్థన చేయించింది. ఆర్‌ఎంపీ వచ్చి నరాల బలహీనత అని చెప్పి సెలైన్ ఎక్కించాడు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి రక్తపరీక్షలు చేయించాను. అన్నీ నార్మల్ అని వచ్చాయి. రిపోర్టు చేతికొచ్చిన రోజున నేనన్న మాటలు ఇవి:

"ఏ రోగమూ లేదంట. ఇన్ని రోజులు నన్ను చంపుకుతిన్నావు. కాలు విరిగిందా, చెయ్యి విరిగిందా? నేను ఎండలో ఊరంతా తిరిగి వస్తుంటే నీకు కొంచెం కూడా సిగ్గనిపించట్లేదా బావా?"

ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. అది మే నెల.

సర్వే మూడో రోజున బడి వెనక వీధికి వెళ్ళాను. అక్కడ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒకావిడ ఉంటుంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, నేను అక్కా అని పిలుస్తాను. గట్టి మనిషి. గంజి వార్చడానికి అంతంత గిన్నెలు ఒక్కతే ఎత్తుతుంది. ఏడో తరగతి దాకా చదువుకుంది. అరుగు మీద నా పక్కనే కూర్చుని బీపీ చూపించుకుంటూ, నా ఒళ్ళో ఉన్న ట్యాబ్‌లోకి తొంగి చూస్తోంది. బీపీ రాసుకున్నాను. షుగర్ రాసుకున్నాను. చివరి నాలుగూ టకటకా నొక్కుతున్నాను.

"ఆగు నర్సమ్మా" అంది. "‘ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా’ అని ఉంది గదా ఆడ. నన్నడగకుండానే లేదు అని నొక్కావేంది?"

నేను తడబడ్డాను. "అవి అందరికీ అట్టాగే నొక్కమన్నారక్కా" అన్నాను.

"అందరి సంగతి నాకెందుకు? నా పేరు మీద నొక్కావు గదా. నాకుంది. ఉంది అని రాయి."

వెనక్కి వెళ్ళి ‘ఉంది’ అని నొక్కాను. తర్వాతి ప్రశ్న చదివి వినిపించాను. దానికీ ఉంది అంది. ఎంతకాలంగా అని అడిగాను.

"రెండేళ్ళు దాటింది. ఎందుకంటే చెప్పలేను. మొగుడు మంచోడు, పిల్లలు మంచోళ్ళు. పొద్దున లేవంగానే ఛాతీ మీద బియ్యం మూట పెట్టినట్టుంటది. వంద మందికి వండుతా, ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలవదు, చెయ్యి అలవాటు మీద పడిద్ది. ఇదివరకు ఏడుపొస్తే పొయ్యి దగ్గర ఏడ్చేదాన్ని, పొగ అనుకుంటారులే అని. గ్యాస్ ఇచ్చిన కాడ్నించీ ఆ దారి కూడా పోయింది."

ఇంత చెప్పి, నవ్వింది. "ఇయ్యి అడిగేవాళ్ళుంటారని నాకు తెలవదమ్మా. ఇంగో మాట, ఇది జబ్బేనా? జబ్బు కాకపోతే ఇందులో ఎందుకు రాస్తారు?"

"జబ్బే అక్కా. మందులున్నాయి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగా నా ఇల్లు నాకు కళ్ళముందు కనబడింది. మంచం, గోడ, దుప్పటి. నాకు ట్రైనింగులో చెప్పిన పాఠం ఇది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయిదు నెలలుగా ఆ పాఠం మా ఇంటి మంచం మీద పడుకుని ఉంటే నేను గుర్తుపట్టలేదు.

ఆ వీధి వదిలేసి ఇంటికి వచ్చేశాను. పన్నెండున్నర అయి ఉంటుంది. మా అత్త పక్కింట్లో ఉంది. ట్యాబ్ పట్టుకుని మంచం మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"బావా, లేచి కూర్చో. నాలుగు మాటలు అడుగుతా."

"ఏంది?"

"సర్వే. అందర్నీ అడుగుతా ఉన్నాం."

లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొదటిది అడిగాను. తల ఊపాడు. రెండోది అడిగితే మళ్ళీ ఊపాడు. నిద్ర గురించి అడిగితే "తెల్లారకముందే మెలకువ వచ్చిద్ది. మళ్ళీ పట్టదు" అన్నాడు. నాలుగోది నేను పైకి చదవలేకపోయాను. ట్యాబ్ ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"రోజూ" అన్నాడు.

"రోజూనా?"

"నువ్వు డ్యూటీకి పోయేటప్పుడు గేటు చప్పుడయ్యిద్దే, అప్పుడు మొదలయ్యిద్ది. నువ్వొచ్చి గేటు తీసిందాకా."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలా బావా?"

ఆయన నా వైపు చూశాడు. ఎన్నో నెలల తర్వాత నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి. "చెప్పా గదే. మట్టం కుదరట్లేదని చెప్పా. నువ్వు రసమట్టం కొత్తది కొనుక్కోమన్నావు."

ఆ మధ్యాహ్నం నేను తిరిగి డ్యూటీకి వెళ్ళలేదు. ఆయన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదల్లేదు. నరసరావుపేటలో మానసిక వైద్యురాలు ఒకావిడ ఉన్నారని తెలుసు. తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున్నే వచ్చి చూపించుకోవచ్చని తెలుసుకున్నాను. మర్నాడు బయల్దేరేటప్పుడు మా అత్తకు చెబితే గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నా కొడుకుని పిచ్చాసుపత్రికి తీసుకుబోతావా? ఊళ్ళో తలెత్తుకు తిరగబళ్ళా?"

"తాయెత్తు కట్టించడానికి తీసుకుపోయినప్పుడు ఏ ఊరూ చూళ్ళేదా అత్తా?" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ లేవలేదు. మా ఆయనే వంగి, వాళ్ళమ్మ భుజం పట్టుకుని పక్కకు జరిపి, చెప్పులేసుకున్నాడు.

క్లినిక్ మేడ మీద ఉంది. కింద బోర్డు లేదు. మెట్లెక్కుతున్న ఆడవాళ్ళు పైట చెంగు ముక్కు దాకా కప్పుకుంటున్నారు, మగవాళ్ళు తువ్వాలు చుట్టుకుంటున్నారు. పైన హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. నేనెప్పుడూ ఊహించని మనుషులు అక్కడ కనబడ్డారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు పట్టుకున్న కోర్టు గుమాస్తా. మాచర్ల వైపు నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన లారీ డ్రైవరు. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన. మా ఊరి మోతుబరి ఒకాయన కూడా ఉన్నాడు. మా ఆయన్ని రచ్చబండ మీద సోంబేరి అని వెక్కిరించినవాళ్ళలో ఆయనొకడు. మమ్మల్ని చూసి గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగిపోయాడు. పేరు పిలిచేదాకా ఆ క్యాలెండర్‌నే చదువుతూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. అంతమంది పెద్దవాళ్ళు, సంసారాలు ఈదుతున్నవాళ్ళు, దొంగతనం చేసినవాళ్ళలా మొహాలు దాచుకుని కూర్చోవలసిన గతి పట్టించినవాళ్ళ మీద వచ్చింది. ఎవరు వాళ్ళు? నవ్వినవాళ్ళందరూ. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నవ్విన నేను కూడా.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడారు. చివర్లో మా ఆయన అడిగాడు: "నేనేం తప్పు చేశాను మేడం?"

"ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి మగాయనా ఇదే అడుగుతారు" అన్నారావిడ. "ఆడవాళ్ళు, నా వల్ల ఇంట్లోవాళ్ళకి ఇబ్బందిగా ఉందండీ అంటారు. మీ తప్పూ లేదు, వాళ్ళ తప్పూ లేదు. ఇది జబ్బు. తగ్గుతుంది. కాకపోతే మాత్ర వేసుకున్న మర్నాడే తగ్గదు, కొన్ని వారాలు పడుతుంది. చెప్పకుండా మానెయ్యొద్దు."

ఇంటికొచ్చాక, ఆయన్ని ఒంటరిగా వదలొద్దని మా అత్తకు అప్పజెప్పి నేను చేసిన మొదటి పని, అప్పటిదాకా పూర్తి చేసిన నలభై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళడం. ఈసారి నాలుగు ప్రశ్నలూ చదివాను. చదివి, ఊరుకుని, వాళ్ళు మాట్లాడేదాకా ఆగాను. అలా ఆగడమే కష్టం. కొంతమంది నిజంగానే లేదన్నారు. మిగతావాళ్ళు ఇచ్చిన జవాబులు వింటుంటే, ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో నేను దేన్ని చూస్తూ తిరిగానా అనిపించింది. మగవాళ్ళు ముందు హాస్యమాడారు. "బతకడం దండగని మా ఆవిడ రోజూ చెప్తానే ఉంది నర్సమ్మా" అన్నాడొకడు. వాడే నేను గేటు దాకా వచ్చాక వెనకే వచ్చి, "ఇందాక అడిగింది ఇంకోసారి అడుగు" అన్నాడు. ఆడవాళ్ళు కోడల్ని నీళ్ళకు పంపి చెప్పారు, అత్త లోపలికి వెళ్ళాక చెప్పారు. పేరు మాత్రం ఎవరూ ఒకలాగా చెప్పలేదు. ఒకరికి అది మనాది, ఒకరికి గుబులు, ఒకరికి నీరసం, ఇంకొకరికి కడుపులో గ్యాస్. ఏళ్ళ తరబడి తలనొప్పి అని నా దగ్గర మాత్రలు తీసుకుపోతున్న ఒకామెకు అసలు నొప్పి తలలో లేదు. ఆ మాత్రలు పంచింది నేనే.

ప్రతి వీధిలోనూ ఉన్నారు. కూలికి పోయేవాళ్ళలో ఉన్నారు, కౌలుకిచ్చి కూర్చున్నవాళ్ళలో ఉన్నారు. రామాలయం వైపూ ఉన్నారు, చర్చి వైపూ ఉన్నారు. ఇంతమందీ పొద్దున్నే లేచి పాలు పితికి, బస్సెక్కి, పొలం దున్ని, బడిలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి పడుకుంటున్నారు. ఎవరికి వాళ్ళే, ఈ ఊళ్ళో ఇలా ఉన్నది తామొక్కరమే అనుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది ఇందుకే. ఒక వీధిలో నలుగురికి జ్వరమొస్తే గంటలో దోమల మందు కొట్టిస్తాం, నీళ్ళు పరీక్షకు పంపిస్తాం. దీనికి మాత్రం అడిగే మనిషే లేడు. అడగమని ప్రశ్న రాసిన చోట, అడగొద్దని చెప్పే మనిషిని పెట్టారు.

నెల తిరక్కుండానే సూపర్‌వైజర్ నుంచి కబురొచ్చింది. పదిమంది ముందు నిలబెట్టి అడిగాడు.

"ఏందమ్మా, మీ ఊళ్ళో నీళ్ళల్లో ఏమన్నా కలిసిందా? మిగతా సబ్‌సెంటర్లు అన్నింట్లో సున్నా ఉంటే నీ ఒక్కదాని దగ్గర ఇంతమందా?"

"మిగతా ఊళ్ళల్లో అడగలేదు సార్. నేను అడిగా."

"నేను అడగొద్దని చెప్పా గదా!"

"డెంగ్యూ వచ్చినా ఇట్టాగే దాచమంటారా?"

"డెంగ్యూకి ల్యాబ్ రిపోర్టుంటది. దీనికేముంది? వాళ్ళు చెప్పేది, నువ్వు రాసేది. ఇంతమందికి ఉంది అని పైకి పోతే, ఏం చేశారు అని నన్నడుగుతారు. యాడికి పంపాలమ్మా వీళ్ళని? నువ్వు చెప్పు, యాడికి పంపాల?"

నరసరావుపేటలో ఆ డాక్టరమ్మ హాల్లో కూర్చోవడానికే చోటు లేదని నేనే చూసొచ్చాను. అప్పటిదాకా అరిచిన మనిషి ఒక్క క్షణం నీరసంగా కనిపించాడు. కానీ పంపడానికి చోటు లేదు కాబట్టి జబ్బే లేదని రాయడం ఏం న్యాయం? మార్చమన్నాడు. మార్చనన్నాను. మెమో ఇచ్చాడు. సమాధానం రాసిచ్చాను. రెండు నెలల తర్వాత వేరే పని మీద ఆ రికార్డులు తెరిచి చూస్తే, మా ఊళ్ళో అందరి పేర్ల దగ్గరా నాలుగు గళ్ళలోనూ ‘లేదు’ అని ఉంది. ఎవరు మార్చారో నాకు తెలియదు. అడిగితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందన్నారు. మనిషి మనిషి దగ్గరా ఆగి, చూసి, విని రాసినదంతా అలా పోయింది. మా ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి ఇచ్చిన జవాబు కూడా పోయింది.

ఆయనకు మాత్రం నెమ్మదిగా తేరుకునే దారి దొరికింది. అదీ తిన్నగా ఏమీ కాదు. మొదట్లో మాత్రలకు నోరు ఎండిపోయేది, పగలంతా మగతగా ఉండేది. "ఉన్న కాస్త తెలివినీ పోగొడతన్నావు" అని అత్త గోలపెట్టింది. మా ఆడబిడ్డ మొగుడు ఫోన్ చేసి, అలవాటైతే జీవితాంతం మానలేవు అని బెదిరించాడు. ఆ మాట విని ఆయన ఒక వారం నాకు తెలియకుండా మానేశాడు. మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఈసారి నేను అరవలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను, మళ్ళీ తీసుకెళ్ళాను. పొద్దున్నే ఆయనతో కలిసి ఊరి బయట కాలవగట్టు దాకా నడిచేదాన్ని. మొదటి వారం అంతా ఒక్క మాట లేదు. ఆరో వారంలో అనుకుంటా, ఒకరోజు అన్నం తింటూ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"గోంగూరలో ఉప్పు తక్కువైందే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

ఈలోగా వంటక్కకు అన్యాయం జరిగింది. ఆమెను కూడా నేనే నరసరావుపేట తీసుకెళ్ళాను. రెండు నెలలు మందులు వాడి, బియ్యం మూట కొంచెం దిగినట్టుందని చెప్పింది. అంతలో ఎవరో ఆమె సంచిలో మందుల చీటీ చూశారు. వారం తిరిగేసరికి కొంతమంది తల్లిదండ్రులు బడికి వెళ్ళి, పిచ్చి మాత్రలు మింగే మనిషి చేతి వంట మా పిల్లలకు పెట్టొద్దన్నారు. గొడవెందుకని బడివాళ్ళు ఆమెను మర్నాటి నుంచి రావద్దన్నారు. దిగులుతో రెండేళ్ళు వండితే ఎవరికీ అభ్యంతరం లేదు. తగ్గించుకోవడానికి మందు వేసుకుంటే తప్పయింది!

ఆ శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉందని తెలిసి వెళ్ళాను. నేను వెళ్తుంటే మా ఆయన కూడా వస్తానన్నాడు. నేను లేచి, అది అంటుకునే జబ్బు కాదనీ, ఆ మందుల వల్ల వంటకు వచ్చే ముప్పేమీ లేదనీ చెప్పాను. వెనక నుంచి ఒకాయన, "రేపు సాంబార్లో ఏమన్నా కలిపితే ఎవరమ్మా పూచీ?" అన్నాడు.

మా ఆయన లేచాడు. ఏడెనిమిది నెలలుగా ఆయన నలుగురిలోకి రాలేదు. "ఆ అక్క మింగే మాత్రలే నేనూ మింగుతున్నా" అన్నాడు. "నాకూ అదే జబ్బు. మీ ఇంట్లో బండలు నేనే పరిచా. మీ పిల్లలు వాటి మీదే పాకారు. నన్ను చూసి భయపడేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి." ఇంకేదో అనబోయి, మాట దొరక్క, కూర్చుండిపోయాడు. పూచీ అడిగినాయన కూడా తల దించుకున్నాడు. అది చూసి అందరి మనసులూ మారిపోయాయనుకున్నాను.

మారలేదు. వంటక్కను వెంటనే పిలవలేదు. రెండు వారాల తర్వాత పిలిచారు. న్యాయం గెలిచి మాత్రం కాదు. ఆమె స్థానంలో పెట్టినావిడ వండిన కూడు పిల్లలు పారబోస్తుంటే తప్పక పిలిచారు. "పోతావా అక్కా?" అని అడిగితే, "పోతా. నా పొయ్యి నేనెందుకు వదులుకోవాల?" అంది. ఇప్పుడు ఆమె మందుల చీటీ సంచిలో దాచుకోదు. వంటగదిలో గోడకు మేకు కొట్టి తగిలించింది. నాకు ఆ ధైర్యం వచ్చి ఉండేది కాదు.

మా ఆయన వారంలో నాలుగు రోజులు పనికి పోతున్నాడు. మిగతా రోజులు పోలేనంటాడు, నేను పోరుపెట్టను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాడు. మా అత్త ఆ మాట బంధువుల దగ్గర ఎత్తదు కానీ, ఎనిమిది కాగానే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి కొడుకు ముందు పెడుతుంది.

నేను అడగడం మానలేదు. ఏ ట్యాబ్‌లోనూ ఎక్కదని తెలిసినా అడుగుతున్నాను. మొన్న బుధవారం టీకాలకు ఒక బాలింత వచ్చింది. మూడు నెలల బిడ్డ. తల్లీ చిన్నపిల్లే, మొహంలో నెత్తురు లేదు, చూపు ఎక్కడో ఉంది. బిడ్డకు టీకా వేశాక, "నిద్ర పడతా ఉందా అమ్మా? మనసెట్టా ఉంటంది?" అని అడిగాను.

పక్కనున్న వాళ్ళత్త అందుకుంది. "దానికేందమ్మా, శుభ్రంగా ఉంది. తిని కూర్చోవడమేగా."

"మిమ్మల్ని కాదు పిన్నీ అడిగింది. మీరు పాపను ఎత్తుకుని కాసేపు బయట నీడలో కూర్చోండి."

ఆవిడ గొణుక్కుంటూ బిడ్డను ఎత్తుకుని వెళ్ళింది. బయట ఇంకా పన్నెండు మంది తల్లులు వరసలో ఉన్నారు. ఎండగా ఉంది, పిల్లలు ఏడుస్తున్నారు. ఆశా కార్యకర్త తలుపు దగ్గర నుంచి, "మేడం, లేటవుతోంది" అని గుర్తు చేసింది. నేను చేతి సంచి నేల మీద పెట్టి, కుర్చీ ఆ పిల్లకు దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. ఆ పిల్ల చాలాసేపు తన పైట అంచు దారాలు పీకుతూ ఉంది. తర్వాత, నాకు కూడా సరిగ్గా వినబడనంత నెమ్మదిగా, చెప్పడం మొదలుపెట్టింది.